పిడికెడు బియ్యం, ఆదివారం, సంఘం పని

తెలుగులో చర్చికి రెండు రకాల మాటలున్నాయి. కట్టడాన్ని గుడి అనో, మందిరం అనో, చర్చి అనో అంటారు. అందులో కూడే మనుషుల్ని మాత్రం సంఘం అంటారు. సంఘ కాపరి, సంఘ పెద్ద, సంఘపు భూమి, సంఘపు లెక్క. తెలంగాణలో 1940లలో దొరల మీద తిరగబడ్డ జనం ఆంధ్ర మహాసభని పిలుచుకున్నది కూడా ఈ మాటతోనే. తర్వాత కూలి సంఘం, యువజన సంఘం, మహిళా సంఘం వచ్చాయి. ఐతే కోస్తాలోని చాలా మాలపల్లెల్లో, మాదిగపల్లెల్లో వీటన్నిటికంటే ముందు అడుగుపెట్టింది క్రైస్తవ సంఘం. ఉద్యమ చరిత్రలు రాసేవాళ్ళు ఈ సంగతిని పెద్దగా పట్టించుకోరు. వాళ్ళ లెక్కలో చర్చి అంటే మిషనరీ, మిషనరీ అంటే సామ్రాజ్యవాదం, కాకపోతే మత్తుమందు. చర్చి పెద్దలు రాసుకునే చరిత్రల్లోనేమో దేవుడూ, తెల్లదొరా తప్ప మూడోవాళ్ళు కనపడరు. మట్టి మోసినవాళ్ళు, బియ్యం తెచ్చినవాళ్ళు రెండు చరిత్రల్లోనూ లేరు.

మేము ఇక్కడ చెప్పదలుచుకున్నది ఆ మూడోవాళ్ళ గురించి. దేవుని పని అనే పేరుతో దళితులు కలిసి చేసిన శ్రమ, ఎవరి కళ్ళానికీ చేరకుండా వాళ్ళ మధ్యనే నిలిచిన తొలి సామూహిక శ్రమల్లో ఒకటి. దాన్ని భక్తి అని పక్కన పెట్టెయ్యడం తేలిక. ఆ శ్రమ ఎట్లా నడిచింది, దాని మీద పెత్తనం తర్వాత ఎవరి చేతుల్లోకి పోయింది అని అడగడమే కష్టం.

సేవ అనే మాట అందరికీ ఒకేలా వినపడదు. పుట్టుకతోనే సేవకుడని ముద్రపడ్డవాడికి 'సేవ చెయ్యి' అని చెప్పడంలో కొత్తేముంది? మాదిగలు మోటకి తోలు బాన కుట్టాలి, చెప్పులు కుట్టాలి, చచ్చిన గొడ్డుని మోసుకుపోవాలి, జాతరకి డప్పు కొట్టాలి. మాలలు కబురు మొయ్యాలి, కావలి కాయాలి, నీళ్ళు కట్టాలి, పాలేరుగా ఉండాలి. బదులుగా కళ్ళం దగ్గర మేర గింజలు. ఇచ్చేవాడి బుద్ధి ఎట్లా ఉంటే అన్ని. కలిసి పనిచెయ్యడం కూడా వీళ్ళకి కొత్త కాదు. నాట్లకీ, కోతలకీ, మట్టి పనికీ ముఠాలుగానే పోయేవాళ్ళు. పని ఏదో, ఎప్పుడో, ఎంతో చెప్పేవాడు ఎప్పుడూ బయటివాడు. లేనిదల్లా కలిసి నిర్ణయించుకోవడం.

క్రైస్తవ సంఘంలో వాడే మాట సేవ ఒక్కటే కాదు, పరిచర్య అని కూడా అంటారు. ఇప్పుడు పరిచర్య అంటే మైకు పట్టుకుని ప్రసంగం చెయ్యడం అనే అర్థం స్థిరపడిపోయింది. అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం తీసి చూస్తే ఆ మాట పుట్టుక వేరే దగ్గర ఉంది. యెరూషలేము సంఘంలో రోజూ అన్నం పంచేటప్పుడు గ్రీకు మాట్లాడే విధవరాళ్ళకి అందడం లేదని సణుగుడు పుట్టింది. దాని మీద ఏడుగురిని ఎన్నుకుని పంపకం పని అప్పగించారు. అంటే పరిచర్య కోసం జరిగిన ఆ మొదటి ఎన్నిక కూటిలో వివక్ష మీద వచ్చిన ఫిర్యాదుకి జవాబుగా జరిగింది. పౌలు కొరింథీయులకి రాసిన మొదటి పత్రికలో ఇంకో మాట ఉంది, జతపనివారు. జతపని అంటే పొలం పని చేసేవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఒకడు ముందూ ఇంకొకడు వెనకా కాదు, పక్కపక్కన చేసే పని. వెట్టిలో జత ఉండదు.

ఒంగోలు సీమలో

అమెరికన్ బాప్టిస్టు మిషన్ నెల్లూరులో 1840 నుంచీ ఉన్నా పాతికేళ్ళపాటు చేరినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే. 1866లో కనిగిరి ప్రాంతపు మాదిగ, తోళ్ళ వ్యాపారి యెర్రగుంట్ల పేరయ్య చేరాక పరిస్థితి మారింది. పేరయ్య అంతకుముందే ఒక యోగి బోధల్లో తిరిగినవాడు. దేవుడి కోసం వెతుకులాట ఆయనకి మిషనరీ నేర్పింది కాదు. ఊరూరూ తిరిగి, చుట్టరికాల దారిలో మాట చేరవేసింది ఆయనా, ఆయన లాంటివాళ్ళూ. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఎనిమిది మందితో మొదలయింది. మాదిగలు వచ్చేసరికి బడిలో ఉన్న బ్రాహ్మణ పిల్లలు వెళ్ళిపోయారు. మిషనరీ జాన్ క్లౌ ఎవరిని ఉంచుకోవాలో తేల్చుకోవలసి వచ్చింది. ఆయన మాదిగల వైపు నిలబడ్డాడు. దానికి ఆయన్ని మెచ్చుకోవలసిందే. ఐతే ఆ పరిస్థితిని తెచ్చింది గుమ్మం తొక్కిన మాదిగలు.

తర్వాత 1876-78 కరువు, జనం ధాత కరువని చెప్పుకునేది. ప్రభుత్వం కరువు పనిగా బకింగ్‌హాం కాలువ తవ్విస్తోంది. అందులో మూడు మైళ్ళ పైచిలుకు ముక్కని క్లౌ గుత్తకి తీసుకున్నాడు. ముఠాల మీద పర్యవేక్షణకి తన దగ్గరి తెలుగు బోధకుల్నే పెట్టాడు. మేస్త్రీ కులం మీద మేస్త్రీ కులం చేసే పెత్తనం కింద పనిచేసినవాళ్ళకి, తమవాడే లెక్క రాస్తాడు, తమవాడే కూలి ఇస్తాడు, మధ్యాహ్నం గట్టున కూర్చుని తమతో మాట్లాడతాడు అన్నది ఎంత కొత్తో ఊహించుకోవచ్చు. కరువు సాయం అందుతున్న పదిహేను నెలలూ బాప్తిస్మాలు ఆపేశారు, గింజల కోసం చేరారన్న మాట రాకూడదని. ఆ తర్వాత 1878 జూలై 3న ఒంగోలుకి ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. నీళ్ళలో దిగి ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరు చొప్పున వంతులు మార్చుకుంటూ. పుస్తకాల్లో ఆ రోజు క్లౌ పేరు మీదే ఉంది.

చేరేవాళ్ళ దగ్గర తీసుకున్న మాటలు మూడు. విగ్రహాలకి మొక్కము, చచ్చిన గొడ్డు మాంసం తినము, ఆదివారం పని చెయ్యము. మొదటిది మత విషయం అనుకున్నా మిగతా రెండూ ఊరి ఆర్థిక వ్యవస్థ మీద నేరుగా పడ్డాయి. చచ్చిన గొడ్డుని తినకపోతే దాన్ని మొయ్యడానికి ఉన్న 'ప్రతిఫలం' పోయింది, మోసే బాధ్యత మాత్రం ఎందుకుండాలి అనే ప్రశ్న వచ్చింది. విగ్రహాలకి మొక్కనివాడు జాతరలో డప్పెందుకు కొట్టాలి? ఇక ఆదివారం. ఏడు రోజుల్లో ఒక రోజు పల్లె మొత్తం ఒక్కసారిగా 'ఇవాళ రాము' అంది. అదీ ఏ ఒక్కడో జబ్బుపడి కాదు, అందరూ కలిసి, ప్రతి వారం. దీన్ని సమ్మె అని వాళ్ళు అనుకోలేదు. మోతుబరులకి మాత్రం అర్థమయింది. మేర గింజలు ఆపడం, కొట్టడం, దొంగతనం కేసులు బనాయించడం, ఊరి బావిదగ్గరా బీడు దగ్గరా అడ్డుకోవడం, ఇవన్నీ వరసగా వచ్చాయి. కోతల కాలంలో ఆదివారం నిలబడడం ఎంత కష్టమో కూలి చేసిన ఇళ్ళల్లో పుట్టినవాళ్ళకి తెలుసు. చాలాచోట్ల నిలబడలేకపోయారు కూడా. ఐనా తమ రోజు ఒకటుంటుంది అన్న ఆలోచన పల్లెలోకి వచ్చింది, మళ్ళీ పోలేదు.

ఒక మాట అడ్డంగా చెప్పాలి. చచ్చిన గొడ్డు మాంసం మానెయ్యడం వేరు, గొడ్డు మాంసమే సిగ్గు అనుకోవడం వేరు. సంఘం మొదటిదాన్ని నేర్పుతూ నేర్పుతూ రెండోదాన్ని కూడా నేర్పింది. డప్పుని గుడి బయటే వదిలించి హార్మనీ, తబలా చేతికిచ్చింది. సంఘ క్రమం తప్పినవాళ్ళకి వేసే శిక్షకి వాడిన మాట 'వెలి'. వెలివాడ నుంచి వచ్చినవాళ్ళే ఆ మాటని ఎట్లా వాడగలిగారో ఎవరైనా పరిశోధించాలి.

ముంతలో గింజలు

పిడికెడు బియ్యం అనే పద్ధతి మిషన్ల పరిధిని దాటి తెలుగు సంఘాలన్నిట్లోనూ పాకింది. బాప్టిస్టులు, లూథరన్లు, డోర్నకల్ ఆంగ్లికన్లు, అందరూ చేశారు. పద్ధతి ఇంతే. వంటకి బియ్యం కొలుచుకున్న ఆడమనిషి, ఎసట్లో పోసే ముందు అందులోంచి ఒక పిడికెడు తీసి పొయ్యి పక్కన ముంతలోనో డబ్బాలోనో వేస్తుంది. వారానికి చేరినవి ఆదివారం గుడికి తెచ్చి గంపలో పోస్తుంది. మెట్ట ప్రాంతాల్లో జొన్నలు, సజ్జలు, రాగులు. సంఘ పెద్దలు మానికతో కొలిచి లెక్క రాసి, కొంత కాపరికో ఉపదేశికో ఇచ్చి, కొంత అమ్మి గుడి ఖర్చుకి వాడతారు.

దీన్ని మిషన్ నివేదికలు స్వయంపోషణ అన్నాయి. సంఘాలు తమ కాళ్ళ మీద తాము నిలబడాలి, విదేశీ డబ్బు తగ్గాలి అన్నది వాళ్ళ లెక్క. పల్లె వైపు నుంచి చూస్తే ఇందులో వేరే సంగతులున్నాయి. కూలి గింజల్లో వచ్చే రోజుల్లో పైసలు అడిగితే ఆ ఇళ్ళు ఇవ్వలేవు. బియ్యం ఐతే మగవాడి జేబుని అడగక్కర్లేదు. ఎంత తియ్యాలి, ఎప్పుడు తియ్యాలి అన్నది పొయ్యి దగ్గర ఉన్న మనిషి నిర్ణయం. ఎసరు పెట్టని రోజు పిడికెడు ఉండదు, దానికి ఎవరూ జరిమానా వెయ్యరు. పిడికిలి ఎవరిదైనా ఇంచుమించు అంతే ఉంటుంది కాబట్టి సంఘంలో కాస్త కలిగిన ఇల్లూ, పాలేరు ఇల్లూ ఒకే కొలతలో ఇస్తాయి. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చాక ముంతలోకి కోటా బియ్యమే చేరాయి. నాణ్యత తగ్గిందని కాపరులు గునిశారు గానీ ఇల్లు ఏం తింటే ముంత అదే తిన్నది.

అసలు సంగతి ఇంకొకటుంది. ఊరి గుడికి మాల చేతి బియ్యం పనికిరావు. మాదిగ చేతి కొబ్బరికాయ లోపలికి పోదు. పండించింది వాళ్ళే, కోసింది వాళ్ళే, దంచింది వాళ్ళే, ఐనా దేవుడి ముందుకి వచ్చేసరికి ఆ చెయ్యి మైల. అట్లాంటి చెయ్యి తీసిన గింజల్ని సభ మధ్యలో బల్ల మీద పెట్టి ప్రార్థన చేశారు. ఇవ్వగలగడం అన్నది అంటరానివాళ్ళకి నిషేధించిన హక్కు. దానం తీసుకోవడానికే పుట్టారని చెప్పినవాళ్ళ మధ్య, ఇచ్చేవాళ్ళుగా నిలబడడం చిన్న విషయం కాదు.

ఆ లెక్క పుస్తకం గురించి కూడా ఎవరూ రాయలేదు. అంతకుముందు పల్లెవాళ్ళ పేర్లు చేరిన ఖాతా ఏదైనా ఉందంటే అది మోతుబరి ఇంట్లో అప్పుల ఖాతా. పేరు పక్కన బాకీ, బాకీ పక్కన వేలిముద్ర. సంఘపు పుస్తకంలో అవే పేర్ల పక్కన ఇచ్చింది ఎంతో రాశారు. రాసింది రాత్రిబడిలోనో మిషన్ బడిలోనో నాలుగక్షరాలు నేర్చిన పల్లె కుర్రాడు. తప్పు రాస్తే నిలదీసే హక్కు ముంత తెచ్చిన ప్రతి మనిషికీ ఉంది. మాలాగ ఇంట్లో మొదటిసారి విశ్వవిద్యాలయం చూసినవాళ్ళు చాలామందికి ఎక్కడో ఒక తాతో ముత్తాతో ఆ పుస్తకం రాసినవాడు ఉంటాడు.

కోత పండుగ ఇదే పద్ధతికి పెద్ద రూపం. మొదటి పంట, కోడి, గుడ్లు, గుమ్మడికాయ, అన్నీ తెచ్చి పెడతారు, తర్వాత పాట పెడతారు. ఆనపకాయ బజారు ధరకి పదింతలు పలుకుతుంది. పాడినవాడు దాన్ని మళ్ళీ సంఘానికే ఇస్తే మళ్ళీ పాట. నవ్వులాటగా కనపడే ఆ పాటతో గుడి పైకప్పు లేచిన ఊళ్ళు ఎన్నో. పునాది తవ్వకం, ఇటుక మోత, క్రిస్మస్‌కి ముందు సున్నం, చావు ఇంట్లో సమాధి తవ్వడం, ప్రేమ విందుకి వంట, ఇవన్నీ వంతుల మీద నడుస్తాయి. కూలి లేదు, కానీ వెట్టి కాదు. ఆ తేడా చేసేవాళ్ళకి తెలుసు.

డోర్నకల్‌లో ఈ పద్ధతికి ఒక సిద్ధాంతం కూడా ఇచ్చినవాడు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. తిరునల్వేలి నాడార్. అక్కడి క్రైస్తవులు 1903లో పెట్టుకున్న ఇండియన్ మిషనరీ సొసైటీ తరపున నిజాం రాజ్యంలోని ఈ రైల్వే ఊరికి వచ్చాడు. 1912లో ఆంగ్లికన్ చర్చిలో మొదటి భారతీయ బిషప్ అయ్యాడు. 1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ సభలో ఆయన నిలబడి చెప్పిన మాటల సారం ఇది: మీ త్యాగం మాకు తెలుసు, మాకు కావలసింది స్నేహం. తెల్ల మిషనరీ సేవ చేస్తాడు, పక్కన కూర్చుని తినడు అన్నది ఆయన ఫిర్యాదు. మళ్ళీ ఇక్కడికే వస్తున్నాం, జతపని. తన దగ్గర బాప్తిస్మం తీసుకునే మాల, మాదిగ కూలీల చేత తలమీద చెయ్యి పెట్టించి, సువార్త చెప్పే పూచీ తనదేనని ఒక్కొక్కరిచేతా పలికించేవాడు. చదువు రానివాడు కూడా పనివాడే, వినేవాడు మాత్రమే కాదు. 1939లో పూర్తయిన డోర్నకల్ కెథడ్రల్ కట్టడంలో మసీదు పోలికలూ గుడి పోలికలూ ఉన్నాయని చూడ్డానికి వచ్చేవాళ్ళు రాస్తుంటారు. అందులో పిడికెళ్ళు ఎన్ని ఉన్నాయో అడిగినవాళ్ళు తక్కువ.

నెహెమ్యా అయిదో అధ్యాయం

గుడి కట్టే ప్రతి సంఘంలోనూ నెహెమ్యా గ్రంథం మీద ప్రసంగం తప్పదు. కూలిన యెరూషలేము గోడని జనం కలిసి కట్టిన కథ. మూడో అధ్యాయం నిండా పేర్లే. ఎవరింటికి ఎదురుగా ఉన్న ముక్క వాళ్ళు కట్టారు. కంసాలులు కట్టారు, సుగంధద్రవ్యాలు చేసేవాళ్ళు కట్టారు. షల్లూము కూతుళ్ళు కూడా మట్టి మోశారు. తెకోవ ఊరివాళ్ళు కట్టారుగానీ వాళ్ళ అధికారులు మాత్రం మెడ వంచలేదని కూడా రాసి ఉంది. ఈ ఒక్క మాట మీద పల్లె సంఘాల్లో నవ్వు పుడుతుంది, ఎవరి మీద నవ్వుతున్నారో వేరే చెప్పక్కర్లేదు.

ప్రసంగం సాధారణంగా నాలుగో అధ్యాయంతో ఆగుతుంది, ఒక చేత్తో పని, ఒక చేత్తో ఆయుధం దగ్గర. అయిదో అధ్యాయం దాకా పోదు. అక్కడ గోడ కడుతున్న పేదలు పని మధ్యలో కేకలు పెట్టారు. మా పొలాలు తాకట్టు పడ్డాయి, పిల్లల్ని దాస్యానికి పెట్టాం, తీసుకున్నది పరాయివాళ్ళు కాదు, మా అన్నదమ్ములే అన్నారు. నెహెమ్యా పెద్దల్ని సభకి పిలిచి గద్దించి పొలాలు తిరిగి ఇప్పించాడు. కలిసి పనిచేద్దాం అని పిలిచేవాళ్ళు ఈ అధ్యాయం చదవకపోవడం యాదృచ్ఛికం అని మేము అనుకోవడం లేదు. కలిసి కట్టడం అన్నాక, కట్టేవాళ్ళ మధ్య అప్పుల లెక్క తేలాలి.

మన సంఘాల్లో తేలని లెక్కలు చాలా ఉన్నాయి. ముంత ఆడవాళ్ళది, లెక్క మగవాళ్ళది. బైబిలు స్త్రీలు కాలినడకన ఊళ్ళు తిరిగి ఇళ్ళల్లోకి మాట చేర్చారు. సంఘ పెద్దల వరసలో వాళ్ళకి చోటు రావడానికి తరాలు పట్టింది. దక్షిణ ఇండియా సంఘంలో స్త్రీలకి గురుత్వం 1970లలో మొదలయింది, మొదటి స్త్రీ బిషప్‌గా ఇ. పుష్పలలిత నంద్యాలలో అభిషేకం పొందింది 2013లో. కొన్ని సంఘాల్లో ఇప్పటికీ ఆ తలుపు తెరుచుకోలేదు.

ఆస్తి సంగతి ఇంకా చిక్కు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటీరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు కలిసి దక్షిణ ఇండియా సంఘం అయ్యారు. తెలుగు లూథరన్లు, బాప్టిస్టులు అందులో చేరలేదు. ఆస్తుల కోసం ట్రస్ట్ అసోసియేషన్ అనే ఒక కంపెనీని రిజిస్టరు చేశారు. చట్టం దృష్టిలో పల్లె గుడి స్థలం కూడా ఆ కంపెనీ ఆస్తి. ఇటుక మోసిన సంఘానికి వాడుకునే హక్కుంది, అమ్మకాన్ని ఆపే హక్కు లేదు. పట్టణాల్లో మిషన్ కాంపౌండ్ల ధర కోట్లకి చేరాక డయోసిస్ ఎన్నికలు శాసనసభ ఎన్నికల్ని మించిపోయాయి. ప్యానెళ్ళు, క్యాంపులు, కోర్టు కేసులు. ఈ పోరాటంలో పల్లె సంఘం ఓటు లెక్కగా తప్ప కనపడదు.

కులం లెక్క అన్నిటికంటే పాతది. మిషన్లు ప్రాంతాలు పంచుకున్నాయి, ఒకరి పొలిమేరలోకి ఒకరు రాకుండా. ప్రతి మిషన్‌లోకీ జనం చుట్టరికాల దారిలో వచ్చారు. దాంతో స్థూలంగా ఒంగోలు బాప్టిస్టు అంటే మాదిగ, గుంటూరు లూథరన్ అంటే మాల అన్నట్టు తయారయింది. సిద్ధాంత భేదం అని చెప్పుకునేదాని కింద కులభేదం హాయిగా బతికింది. ఒకే ఊళ్ళో రెండు గుళ్ళు, రెండు కోత పండుగలు, రెండు సమాధుల దొడ్లు. గుంటూరు సీమలో రెండు మూడు వందల ఏళ్ళ నాటి కేథలిక్ రెడ్లున్నారు, కమ్మలున్నారు. వాళ్ళ ప్రభువు వేరా అని మాలమాదిగలు అడుగుతూనే ఉన్నారు. పూల ఆంథొనీ 2022లో కార్డినల్ అయినప్పుడు ఆ పదవికి వచ్చిన మొదటి దళితుడని పత్రికలు రాశాయి. సంతోషించాలో, 2022 దాకా పట్టిందని బాధపడాలో తెలియదు. కొరింథు సంఘంలో కూడా ప్రభువు భోజనానికి వచ్చి ధనికులు ముందే తినేస్తే పేదవాళ్ళు ఆకలితో కూర్చున్నారని పౌలు కోప్పడ్డాడు. శరీరం ఒకటే, అవయవాలు అనేకం అని ఆయన రాసింది ఆ కోపం తర్వాత. మన గుళ్ళల్లో కోపాన్ని తీసేసి పోలికని మాత్రం చదువుతున్నారు.

1994లో మాదిగ దండోరా పుట్టిన ఈదుమూడి ప్రకాశం జిల్లాలోదే, పాత బాప్టిస్టు సంఘాల సీమలోదే. వందేళ్ళ కింద గుడి బయట వదిలిన డప్పు అక్కడినుంచి మళ్ళీ మోగింది. ఇప్పుడు కొన్ని సంఘాల్లో అది లోపలికి కూడా వస్తోంది, పెద్దలు కొందరు ముఖం చిట్లిస్తున్నా.

అంబేద్కర్ ఈ సంగతులన్నీ ముందే చూశాడు. మతం మారినవాళ్ళ స్థితి మీద ఆయన రాసిన వ్యాసం ఆయన పోయాక సంకలనాల్లో అచ్చయింది. మిషన్ బడులు, ఆస్పత్రులు గొప్పవే, వాటి ఫలం ఎక్కువగా తిన్నది సవర్ణ హిందువులు అన్నాడు. మారినవాళ్ళు సాంఘిక అన్యాయాల మీద ఎందుకు కదలడం లేదని నిలదీశాడు. ఈ విమర్శని సంఘాల్లో చదివించాలి. ఐతే దానికి సగం జవాబు 1985లో దొరికింది అని మా అభిప్రాయం. ఆ ఏడు జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపారు, ఆడవాళ్ళ మీద అత్యాచారాలు చేశారు. మిగిలినవాళ్ళు చీరాలకి పారిపోయారు. వాళ్ళు చేరింది ఒక చర్చి ఆవరణకి. బొజ్జా తారకం, కత్తి పద్మారావు లాంటివాళ్ళు, విప్లవ సంఘాలవాళ్ళు అక్కడికి వచ్చారు. ఆ శిబిరం నుంచి నడిచిన పోరాటంలోంచే ఆ సెప్టెంబరులో దళిత మహాసభ పుట్టింది. ప్రాణం అరచేతిలో పెట్టుకుని వచ్చిన జనం ఆ పట్టణంలో ఎవరి అనుమతీ అడక్కుండా అడుగుపెట్టగలిగింది అక్కడే. దాన్ని మిషనరీ దయ అనడం అన్యాయం. అది పిడికెళ్ళతో కొన్న చోటు. ఒక సంఘం కట్టిన గోడల మధ్య ఇంకో సంఘం పుట్టింది.

ఇక ఈ పని చేసినందుకు చెల్లించే ధర గురించి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డు కులస్తుడు కాడు. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని కలిపారు. క్రైస్తవులూ ముస్లింలూ బయటే ఉన్నారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డు కులాలనుంచి క్రైస్తవులైనవాళ్ళని బీసీ 'సి' గ్రూపులో పెట్టి ఒక్క శాతం ఇచ్చారు. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో మతం షరతు తీసెయ్యమంది. 2022లో కేంద్రం కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేసింది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ తీర్మానం చేసింది. ఉత్తర్వు మాత్రం అట్లాగే ఉంది. అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ కూడా ఆ సర్టిఫికెట్‌తోనే ముడిపడి ఉంది. దాడి చేసేవాడు మతం అడగడు, మాలవాడనే, మాదిగవాడనే కొడతాడు. కేసు పెట్టేటప్పుడు మాత్రం మతం అడుగుతారు.

అందుకే పల్లెలో ఒక మనిషికి రెండు పేర్లుంటాయి. బాప్తిస్మపు రిజిస్టరులో యేసురత్నం, బడి రికార్డులో వెంకటరత్నం. దీన్ని మోసం అనేవాళ్ళున్నారు, కోర్టుల్లో అన్నవాళ్ళు కూడా ఉన్నారు. సంఘం పనికి ముందుండేవాళ్ళకే ఇందులో ముప్పెక్కువ. కాపరికి సాయం చేసేవాడు, లెక్క రాసేవాడు, సంఘ పెద్దగా సంతకం పెట్టేవాడు, వీళ్ళే ఆధారంగా దొరుకుతారు. కొత్త గుడి కట్టాక గుమ్మం పక్కన రాయి వేస్తారు. దాని మీద బిషప్పు పేరు ఉంటుంది, ప్రారంభించిన ఎమ్మెల్యే పేరు ఉంటుంది. సిమెంటు ఇచ్చిన, తాపీ పట్టిన, నలభై రోజులు కూలి మానుకుని ఇటుక మోసిన పల్లెవాళ్ళని పేర్లు చెప్పమంటే, పిల్లవాడికి సర్టిఫికెట్ కావాలయ్యా, మావి వద్దులే అంటారు.